నాలుగో బండి

"వారంలో మూడు బండ్లు ఆపేశావు. ఇంకా నీ కడుపుమంట చల్లారలేదా?"

టోరున్ కోటు కూడా విప్పలేదు. ఆమె బూట్లకు అంటిన మంచు వంటింటి నేలమీద కరిగి మడుగు కడుతోంది. పొయ్యి పక్కన కూర్చున్న తల్లి బోర్గిల్ ఆ మడుగునే చూస్తోంది తప్ప ఇద్దరు కూతుళ్ళలో ఎవరి ముఖమూ చూడటం లేదు.

ఒడ్నీ కాఫీ కెటిల్ పొయ్యిమీంచి దించింది. "బూట్లు విప్పక్కా. అమ్మ జారిపడుతుంది."

"బూట్ల సంగతి తర్వాత. ముందు నాకు జవాబు చెప్పు."

"దేనికి జవాబు? సోమవారం ఆపిన బండికి వెనక టైర్లు గుండు. మంగళవారం బండిలో మంచు గొలుసు ఒకటే ఉంది, అదీ తెగిపోయి ఉంది. నిన్నటి దానికి బ్రేకుల్లో గాలి కారిపోతోంది. లేని తప్పు నేనొక్కటి రాశానని చూపించు. ఇక్కడే, ఈ బల్లమీదే రాజీనామా రాసిస్తా."

"తప్పులు లేవని నేనన్నానా? ఆ రోడ్డెక్కే బండ్లన్నీ అలాగే ఏడుస్తున్నాయి. నీ కళ్ళకి మా ఆయన బండ్లే ఎందుకు కనపడతాయి?"

ఒడ్నీ కప్పు అందుకుంది. ఆ మాట నిజమే మరి.

కాల్‌ఫ్యెల్ కనుమ మొదట్లో ఉన్న తనిఖీ కేంద్రంలో ఆమెది పద్నాలుగేళ్ళ ఉద్యోగం. అందులో పదమూడేళ్ళు, బావ హల్వార్ బండి ఏది వచ్చినా తను పక్కకు తప్పుకునేది. బంధువుల బండి ముట్టుకోకూడదని నియమం. ఆమె ఆ నియమాన్ని ప్రార్థనలా పాటించింది.

కిందటి మార్చిలో ఆమె భర్త స్టైనార్ హల్వార్ బండిలోనే సాల్మన్ చేపలు వేసుకుని కనుమ దాటుతూ, దిగుడులో మూడో మలుపు దగ్గర వాగులో పడ్డాడు. గొలుసులు బండిలోనే ఉన్నాయనీ, డ్రైవరే బద్ధకించి, మంచులో జారకుండా వాటిని టైర్లకు చుట్టలేదనీ హల్వార్ విచారణలో చెప్పాడు. విచారణ చేసినవాళ్ళు తలూపారు.

అంతకు గంట ముందు స్టైనార్ కనుమ పైనుంచి ఫోన్ చేశాడు. "గొలుసులు తెగిపోయాయి ఒడ్నీ. కొత్తవి అడిగితే ఈసారికి సర్దుకోమన్నాడు మీ బావ" అన్నాడు. ఆ మాట విన్నది ఒడ్నీ ఒక్కతే. భార్య చెవి సాక్ష్యానికి పనికిరాదన్నారు.

నవంబరులో ఆమె తిరిగి ఉద్యోగంలో చేరింది. ఆ తర్వాత హల్వార్ బండి వస్తే ఒక్కసారి కూడా పక్కకు తప్పుకోలేదు.

టోరున్ కుర్చీ లాక్కుని కూలబడింది. గొంతు తగ్గించింది.

"పొద్దున చేపల ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. ఇంకొక్క లోడు ఆలస్యమైతే సరుకు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడట. వేరేవాళ్ళంటే ఎవరో నీకు తెలుసు. మా డ్రైవర్ల జీతంలో సగానికి పనిచేసేవాళ్ళు. నెలల తరబడి బండిలోనే వండుకుని బండిలోనే పడుకునేవాళ్ళు. వాళ్ళ బండ్లకి చలికాలం టైర్లన్నవే ఉండవు. మమ్మల్ని ముంచేసి నువ్వు రోడ్డు మీదకి తెచ్చేది వాళ్ళని. అప్పుడు నీ కనుమ బాగుపడుతుందా?"

"వాళ్ళనీ ఆపుతాను."

"ఎంతమందిని ఆపుతావే? రేటు మేం పెడుతున్నామా? చేపలవాడు పెడతాడు. వాడి మెడ మీద ఇంకెక్కడో కొనేవాడు కూర్చుని ఉంటాడు. టైర్లు మారిస్తే రెండో డ్రైవరు ఉండడు. రెండో డ్రైవర్ని పెడితే టైర్లుండవు. రెండూ పెట్టి నడిపినవాళ్ళు ఈ ఒడ్డున ఎవరైనా మిగిలారా? పేర్లు చెప్పు, చూద్దాం."

"అలా నడపలేనప్పుడు మానెయ్యాలి."

"మానేసి ఏం తినాలి?"

"స్టైనార్ కూడా ఇదే అనేవాడు, ఏం తినాలి అని." ఒడ్నీ కప్పులో కాఫీ వంచింది. "ఇప్పుడు తినడానికి మనిషే లేడు."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమని విరిగింది.

"చాలు," అంది బోర్గిల్. డెబ్భై ఎనిమిదేళ్ళ గొంతు అయినా గట్టిగానే ఉంది. "నాకు ఇద్దరల్లుళ్ళు. ఒకణ్ణి మట్టిలో పెట్టాం. రెండోవాణ్ణి నువ్వు రోడ్డున పెడతావా?"

"మొదటివాణ్ణి మట్టిలో పెట్టింది ఆ రెండోవాడేనమ్మా."

"నువ్వు చూశావా?"

"విన్నాను."

"విన్నదాన్ని పట్టుకుని వేలాడితే, ఇదిగో, ఇద్దరూ ఇలాగే అయిపోతారు. ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా."

టోరున్ లేచింది. చేతి తొడుగులు వేసుకుంటూ చెల్లెలి వైపు చూడకుండా అంది: "ఎలాగూ తెలుస్తుంది కాబట్టి నేనే చెబుతున్నా. నీ మీద ఫిర్యాదు పెట్టాం. బంధువుల బండ్లనే వెంటాడుతోందని. నిన్న మీ పై అధికారి ఒప్పుకున్నాడు. సోమవారం నుంచి నువ్వు ఆఫీసులో కాగితాలు సర్దుకోవడమే."

ఒడ్నీ చేతిలోని కప్పు కదల్లేదు. "ఫిర్యాదు రాసిందెవరు? హల్వార్‌కి పెద్దగా రాత రాదు కదా."

టోరున్ చేతి తొడుగు సర్దుకుంది. "ఈ ఒక్క శుక్రవారం. ఈ ఒక్క బండి వదిలెయ్. కాళ్ళు పట్టుకోమంటావా?"

"ఇవాళే బండి వస్తోందన్నమాట."

నోరు జారానని టోరున్‌కు అప్పుడు తెలిసింది. తలుపు దభాలున వేసుకుని వెళ్ళిపోయింది.

బోర్గిల్ గోడ పట్టుకుని లేచి, గుడ్డ తెచ్చి, నేలమీది మడుగు తుడవడం మొదలుపెట్టింది. "ఈరోజుకి సెలవు పెట్టు తల్లీ. ఒంట్లో బాగోలేదని చెప్పు."

"ఒంట్లో ఇంత బాగా ఎప్పుడూ లేదమ్మా," అంది ఒడ్నీ. కొక్కేనికి వేలాడుతున్న పసుపుపచ్చ జాకెట్ తీసుకుంది.

* * *

పదకొండుకల్లా కనుమ మీద మంచు మొదలైంది. గాలి అడ్డంగా కొడుతోంది. తనిఖీ కేంద్రం ఆవరణలో ఒకేసారి రెండు బండ్లకే చోటు. ఒకదాంట్లో అప్పటికే బ్రేకు లైటు వెలగని కట్టెల బండి నిలబడి ఉంది.

"సోమవారం సంగతి నాకూ చెప్పారు," అన్నాడు ఐవిన్. ఆమెతో కలిసి ఆరేళ్ళుగా పనిచేస్తున్నవాడు, నెమ్మదస్తుడు. "మీ వాళ్ళ బండి వస్తే నేను చూస్తాను. నువ్వు లోపల వెచ్చగా కూర్చో."

"సోమవారం నుంచి కూర్చోవడమేగా."

అప్పుడే దక్షిణాది దేశపు నంబరు పలకతో ఓ పెద్ద బండి మెల్లగా మలుపు తిరిగింది. దాని టైర్లు నల్లగా, నున్నగా, అరిగిపోయిన సబ్బుబిళ్ళల్లా ఉన్నాయి. ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే. హల్వార్ బండి ఏ క్షణంలోనైనా రావచ్చు.

ఒడ్నీ చెయ్యి ఊపింది. పొమ్మని.

ఐవిన్ ఆమె వంక తిరిగాడు. "దాని టైర్లు చూశావా?"

"చూశాను."

"మరి?"

"చోటు లేదు."

"చోటు ఉంది, ఒడ్నీ."

ఐవిన్ లోపలికెళ్ళి కనుమ అవతలి కేంద్రానికి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, "అవతల ఆపుతామన్నారు," అన్నాడు. భుజాల మీది మంచు దులుపుకుంటూ, "అక్కడిదాకా చేరితే," అన్నాడు. ఆ తర్వాత అరగంట ఆమెతో మాట్లాడలేదు.

అతను మాట్లాడకపోవడమే ఆమెను ఎక్కువ గుచ్చింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి, చూసిన తప్పును చూడనట్టు వదిలింది. ఎందుకు వదిలిందో ఇద్దరికీ తెలుసు.

పన్నెండున్నరకు హల్వార్ నీలం బండి వచ్చింది. ఒడ్నీ రోడ్డు మధ్యకు వెళ్ళి ఎర్ర పలక ఎత్తింది.

కిటికీ అద్దం దిగింది. స్టీరింగు ముందు డ్రైవరు లేడు. హల్వారే ఉన్నాడు.

"నాలుగోది," అన్నాడు. "నీకు కష్టం లేకుండా నేనే తెచ్చాను."

"ఇంజను ఆపు. కిందకి దిగు."

"'బావా' అనే పిలుపు పోయి ఏడాది కావస్తోంది కదూ. సరే, అధికారిగారూ, చూసుకోండి."

ఆమె చూసింది. టైర్లు అన్నీ కొత్తవి. రబ్బరు వాసన ఇంకా పోలేదు. గొలుసులు ఏడు జతలు, నూనె పూసి, పెట్టెలో వరసగా. బండి కిందకు దూరింది. బ్రేకు గొట్టాలు తడిమింది. కాటా మీదకు ఎక్కించింది. బరువు తక్కువే గాని ఎక్కువ లేదు. లైట్లు వెలుగుతున్నాయి. చేపల మీద ఐసు సరిగ్గా ఉంది.

ఆమె మోకాళ్ళు తడిసిపోయాయి. పైకి లేచేసరికి హల్వార్ సిగరెట్ వెలిగించి నవ్వుతున్నాడు.

"ఇంకేం మిగిలింది? నా పళ్ళు కూడా లెక్కపెడతావా?"

ఐవిన్, అతను నడిపిన గంటలు నమోదయ్యే డ్రైవరు కార్డును యంత్రంలో చూసి ఇచ్చేశాడు. "రాత్రంతా విశ్రాంతి ఉంది. పొద్దున ఎనిమిదికి ఎక్కాడు. అంతా సరిగ్గానే ఉంది ఒడ్నీ. వదిలేద్దాం."

ఒడ్నీ హల్వార్ ముఖంలోకి చూసింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పద్నాలుగేళ్ళుగా ఆమె రోజూ డ్రైవర్ల ముఖాల్లో చూసే కళ్ళే అవి. నిద్రలేని కళ్ళు.

"రాత్రంతా పడుకున్నావా?"

"మీ అక్కనడుగు."

"లోడు దీవుల్లో ఎక్కింది. రాత్రి పదింటికి ఎక్కిందని నీ సరుకు చీటీలో ఉంది. పొద్దున ఎనిమిదింటికి నువ్వు రేవు ఇవతల బండెక్కావు. మధ్యలో దీవుల నుంచి రేవు ఇవతలిదాకా ఎవరు నడిపారు?"

"డ్రైవరు."

"ఏ డ్రైవరు?"

"ఉన్నాడ్లే ఒకడు. దిగి ఇంటికెళ్ళాడు."

"పేరు?"

హల్వార్ సిగరెట్ కింద పడేసి తొక్కాడు. ఒడ్నీ మెట్టెక్కి బండిలోకి దూరింది. కార్డు చూపించేది ఒక మనిషి లెక్క. గంటల మీటరు దాచుకునేది బండి లెక్క. నిన్నటి నుంచి ఎవరెవరి కార్డు పెట్టి నడిపారో పేరుతో సహా అది చెబుతుంది. ఆమె మీట నొక్కింది.

"ఒడ్నీ, ఆగు," అన్నాడు హల్వార్. గొంతులో వెటకారం లేదు.

మీటరు కిర్రుమంటూ సన్నటి కాగితం చుట్టను బయటికి తోసింది. తేదీ. బండి నంబరు. రాత్రి పదిన్నర నుంచి మూడు దాకా. మళ్ళీ మూడూ ముప్పావు నుంచి ఏడున్నర దాకా. దాని కింద డ్రైవరు పేరు.

స్టైనార్ మోల్‌విక్.

ఆమె ఆ పేరు మరోసారి చదివింది. మీటరు ఇంకా కాగితం తోస్తూనే ఉంది. చనిపోయిన పదకొండు నెలలకు ఆమె భర్త రాత్రంతా బండి నడిపాడు. మధ్యలో చట్టప్రకారం ముప్పావుగంట విశ్రాంతి కూడా తీసుకున్నాడు.

* * *

ఐవిన్ కాగితం చదివాడు. అతని ముఖం పాలిపోయింది. "పోలీసులకి ఫోన్ చేస్తాను," అని గదిలోకి వెళ్ళాడు.

బండి పక్కన ఇద్దరే మిగిలారు.

"కార్డు తియ్యి," అంది ఒడ్నీ.

హల్వార్ మెట్టెక్కి, ముందు అద్దం పైన మడిచి ఉన్న ఎండ తెర వెనకనుంచి తీశాడు. చిన్న ప్లాస్టిక్ ముక్క. మూలలో స్టైనార్ ఫొటో. ఫొటో తీసేవాడు నవ్వొద్దన్నాడని పెదాలు బిగించి నవ్వు ఆపుకున్న ముఖం.

"వాగులో కొట్టుకుపోయిందన్నారు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మీటరు నానిపోయింది, కార్డు కొట్టుకుపోయింది, ఆరోజు ఎన్ని గంటలు నడిపాడో తెలియదన్నారు. నువ్వూ అక్కడే కూర్చుని తలూపావు. ఎన్ని గంటలు నడిపించావు హల్వార్? ఈ కార్డులో ఎన్ని గంటలు చూసి దాచావు?"

"పద్నాలుగు."

గాలి ఒక్కసారి పెద్దగా వీచింది. అతను బండికి ఆనుకున్నాడు.

"పద్నాలుగున్నర. గొలుసులు కూడా లేవు. నేనే సర్దుకోమన్నా. చాలా? నువ్వు ఇన్నాళ్ళూ అడుగుతున్నది ఇదేగా?" లోపలి జేబులోంచి సరుకు చీటీ తీశాడు. దాన్ని మోకాలి మీద తిరగేసి, పెన్నుతో గబగబా గీకాడు. "రాస్తున్నా చూడు. గొలుసులు లేవు. తప్పు స్టైనార్‌ది కాదు. సంతకం. తీసుకో. వాడి పేరు కడుక్కో. ఆ ఐవిన్ ఫోన్ పెట్టేలోపు నీ చేతిలో ఉన్న ఆ కాగితం చింపేసి నన్ను వదులు. సాయంత్రానికి ఈ చేప అవతల దిగకపోతే నేను ఉండను. మీ అక్క ఉండదు. నా దగ్గర పనిచేసే ఏడుగురి ఇళ్ళు ఉండవు."

ఆమె ఆ చీటీ చూసింది. వంకర అక్షరాలు. పదకొండు నెలలుగా ఆ రెండు ముక్కల కోసమే ఆమె నిద్ర లేచింది, ఆ రెండు ముక్కల కోసమే బండ్ల కింద దూరింది.

వదిలితే నలభై నిమిషాల్లో అతను మూడో మలుపు దగ్గర ఉంటాడు. రాత్రంతా రెప్ప వేయని మనిషి, ఈ గాలిలో, పంతొమ్మిది టన్నుల బరువుతో. కాగితం తన చేతిలో ఉంటుంది, అతను వాగులో ఉంటాడు. ఎవరూ ఆమెను వేలెత్తి చూపరు. టైర్లు కొత్తవి, గొలుసులు కొత్తవి, అంతా సరిగ్గానే ఉందని ఐవిన్ కూడా అన్నాడు.

ఆ ఆలోచన ఆమెకు వెచ్చగా తగిలింది. అదే ఆమెను భయపెట్టింది.

"తాళాలు ఇవ్వు," అంది.

"ఒడ్నీ..."

"నువ్వు అక్కడ పడి చస్తే కోర్టులో ఎవర్ని నిలబెట్టాలి నేను? నువ్వు బతకాలి హల్వార్. నూరేళ్ళు బతకాలి. ఊళ్ళో నడిచినప్పుడల్లా జనం నీ వెనక ఏం మాట్లాడుకుంటున్నారో నువ్వు వినాలి. తాళాలు."

అతను చీటీని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చింపాడు. ముక్కలు గాలికి లేచి బండి కిందకు, రోడ్డు మీదకు ఎగిరిపోయాయి. ఆమె ఒక్క ముక్క కోసం కూడా వంగలేదు. అతను తాళాలు మంచులో పడేశాడు. వాటి కోసం మాత్రం వంగింది.

"ఈ కార్డు నీకెలా వచ్చింది?"

అతను బండి మెట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. నుజ్జయిపోయిన బండిలోంచి దీన్ని తీసిందెవరు? నువ్వు ఆరోజు ఊళ్ళోనే లేవుగా."

"దేన్నైనా అడుగు. అది మాత్రం నన్నడక్కు."

గదిలో ఐవిన్ ఇంకా ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు. ఒడ్నీ తన ఫోన్ తీసింది. వేళ్ళు మొద్దుబారిపోయి రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారికి అవతల ఎత్తారు.

"అక్కా. మీ ఆయన ఇక్కడ ఉన్నాడు. బండి కదలదు. వచ్చి తీసుకెళ్ళు."

టోరున్ అరుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. ఏమీ లేదు. కారు తాళాలు చేతిలోకి తీసుకున్న చప్పుడు, తర్వాత సన్నటి గొంతు.

"కార్డు నీకు దొరికిందా?"

ఒడ్నీ కార్డు మాటే ఎత్తలేదు.

స్టైనార్ బండిలోని సామాను ప్లాస్టిక్ సంచిలో ఇంటికి వచ్చిన రోజు ఆమె కళ్ళముందు కదిలింది. అన్నం డబ్బా, ఉన్ని టోపీ, పగిలిన కళ్ళద్దాలు. తనకంటే ముందు ఆ సంచి విప్పింది అక్కే. లేవలేక మంచం మీదే ఉన్న తనకు, ఆ సంచిలోంచి ఒక్కో వస్తువూ తీసి చేతిలో పెట్టి, పక్కన కూర్చుని తనతో పాటు ఏడ్చింది అక్క.

"ఒడ్నీ, విను. నేను వస్తున్నా. వచ్చి అంతా చెబుతా. అమ్మకి మాత్రం..."

గది తలుపు తెరుచుకుంది. ఐవిన్ ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో ఫారం పట్టుకుని గడపలో నిలబడ్డాడు. "పోలీసులు అడుగుతున్నారు," అన్నాడు గట్టిగా, గాలికి వినపడేలా. "ఆ కార్డు హల్వార్‌కి ఎవరిచ్చారో నీకు తెలుసా అని."

ఫోన్ ఇంకా ఒడ్నీ చెవి దగ్గరే ఉంది. అవతల టోరున్ ఊపిరి బిగబట్టింది.